ర్యాంపు బోర్డు మీద ఏం రాయాలి?

సందేహం: మా కాలనీ గ్రంథాలయానికి ర్యాంపు కట్టించాం. ‘వికలాంగుల మార్గం’ అని బోర్డు రాయిద్దామంటే కార్యవర్గంలో ఒకరు అది అవమానం, ‘దివ్యాంగులు’ అనాలన్నారు. ఇంకొకరు ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటున్నారు. ఏది సరైన మాట? ‘కుంటిసాకు’, ‘గుడ్డి నమ్మకం’ లాంటివి కూడా మానెయ్యాలా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు ‘వికల’ సంగతి చూద్దాం. దీని తోబుట్టువు ‘సకల’ రోజూ మన నోట్లో నానే మాటే. సంస్కృతంలో కల అంటే భాగం. చంద్రుడి పదహారు కళల్లో ఉన్నదీ అదే. అన్ని భాగాలతో ఉన్నది సకలం, ఏదో ఒక భాగం లోపించింది వికలం. వైకల్యం అన్న మాట పుట్టింది ఇందులోంచే. ‘ఆ వార్త విని మనసు వికలమైంది’ అంటాం, అందులో ఎవరికీ తిట్టు వినిపించదు. కాబట్టి మాట పుట్టుకను బట్టి చూస్తే ‘వికలాంగులు’ ఒక స్థితిని చెబుతుందే కానీ మనిషిని తక్కువ చెయ్యదు. దీనికి ఎదురుమాట ‘సకలాంగులు’ కూడా వాడుకలో ఉంది. వికలాంగులను పెళ్లాడిన సకలాంగులకు ప్రోత్సాహకం అంటూ పేపర్లో చూసే ఉంటారు. నాకు ఆ మాటంటే ఇష్టం. ‘మామూలు మనుషులు’ అనకుండా అవతలివాళ్లకూ ఒక పేరు పెట్టింది.

‘దివ్యాంగులు’ కొత్తగా వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధాని మోదీ తన రేడియో ప్రసంగంలో ‘వికలాంగ్’ బదులు ‘దివ్యాంగ్’ అందామని సూచించారు. అది హిందీలో ప్రభుత్వ శాఖ పేరులోకి ఎక్కి, అక్కణ్నుంచి మన పత్రికల్లోకి దిగింది. సమాసంగా తప్పేమీ లేదు, దివ్యమైన అంగాలు గలవాడు అని అర్థం. కాకపోతే మనకు ‘దివ్యాంగన’ అంటే అప్సరస. ‘దివ్యాంగురాలు’ అని వార్తలో చదివిన ప్రతిసారీ నాకు రంభో మేనకో గుర్తుకొస్తారు, ఏం చెయ్యను! హక్కుల సంఘాలవాళ్ల అభ్యంతరం మాత్రం నవ్వులాట కాదు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది, ఎక్కలేకపోతున్నానని మనిషి మొత్తుకుంటుంటే ‘నీలో దేవుడున్నాడు’ అని జవాబిచ్చినట్టుందని వాళ్ల బాధ. 2019లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ మన దేశ నివేదికను పరిశీలించినప్పుడు కూడా ఈ మాట వివాదంలో ఉందని ప్రస్తావించింది.

ఇక ‘విభిన్న ప్రతిభావంతులు’. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ శాఖ పేరే ఇది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. అయితే చిక్కులు రెండున్నాయి. సంగీత కచేరీకి పిలిచిన మృదంగ విద్వాంసుణ్ని కూడా విభిన్న ప్రతిభావంతుడు అనవచ్చు. ఆ మాటలో ఆయన కాకుండా కళ్లు కనిపించని మనిషే ఉన్నాడని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. రెండోది ఇంకా తమాషా. భిన్న అన్నది ‘భిద్’ ధాతువు నుంచి వచ్చింది. దాని అర్థం చీలిన, పగిలిన అని. ఛిన్నాభిన్నంలో ఉన్న భిన్నమే ఇది. వికలాంగుల్లో లోపం వినిపిస్తోందని పారిపోయి, పగిలినదాన్ని తెచ్చుకున్నామన్న మాట. ఇప్పుడు భిన్న అంటే వేరైన అని స్థిరపడిపోయింది కనుక తప్పు పట్టను. మాట పుట్టుకలో మచ్చ ఉందని వికలాంగను తోసేసేవాళ్లు దీన్నీ అదే తూకంతో చూడాలి కదా.

మరి ఆ మనుషులు తమను తాము ఏమనుకుంటున్నారు? వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక – రోడ్డెక్కి పింఛన్ల కోసం, రిజర్వేషన్ల కోసం కొట్లాడిన సంఘాల పేర్లివి. తెలంగాణలో సహకార సంస్థ పేరు కూడా వికలాంగుల పేరుతోనే ఉంది. పోరాడి మోసుకొచ్చిన పేరును పక్కింటివాళ్లు మర్యాద పేరుతో తీసేయడం నాకు సరిగా తోచదు. అయితే ‘నన్ను దివ్యాంగుడనే పిలవండి’ అనే యువకుడు మీకు ఎదురైతే అతని విషయంలో ఆ మాటే సరైనది.

అవమానం ఎక్కువగా ఉండేది మాట మొదట్లో కాదు, చివర్లో. మా ఊళ్లో పోలియో వచ్చిన దర్జీ ఒకాయన ఉండేవాడు. ఊరంతా ‘కుంటోడు’. మా చొక్కాలన్నీ ఆయన కుట్టినవే. ఒకసారి పంచాయతీ ఆఫీసు దగ్గర పింఛను కోసం జాబితాలో పేరు పిలిచారు. ఎవరా అని అందరం అటూ ఇటూ చూశాం. ఆయన కర్ర ఊతంతో లేచి వెళ్లేదాకా ఎవరికీ తెలియలేదు. కుంటు అన్నది నడక తీరు చెప్పే అచ్చ తెలుగు క్రియ, పాపం దాని తప్పేమీ లేదు. ఆ ‘ఓడు’ పేరు స్థానంలో కూచుంది. ‘అంధుడు’ అని సంస్కృతం తగిలించినా పేరు మింగేస్తే అంతే.

బహువచనంలో, రాతలో వాడడానికి నేనైతే ‘వైకల్యం గల వ్యక్తులు’ అంటాను. దీనికో కారణం ఉంది. వికలాంగుల కోసం చేసిన 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలో 21. ఆటిజం, రక్తానికి సంబంధించిన తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు, చదవడంలో రాయడంలో వచ్చే ఇబ్బందులు కూడా ఇప్పుడు అందులో ఉన్నాయి. వీటిలో ఏ అంగం వికలమని చెబుతాం? దివ్యాంగకూ ఇదే చిక్కు. కానీ ‘వైకల్యంతో జీవిస్తున్న’ అని రాయకండి, అది అనువాదం వాసన కొడుతోంది. తెలుగులో ఉన్నదాన్ని ‘గల’తోనో ‘ఉన్న’తోనో చెబుతాం. అలాగే ‘చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు’ అన్న పత్రికల పడికట్టు వాక్యం చూడండి. మంచం మీదున్న మనిషి కుర్చీ వచ్చాక వీధి చివరి టీకొట్టుదాకా వెళ్లి వస్తున్నాడు. ఇందులో పరిమితం ఎక్కడుంది? చెవిటివారిని అలవాటుగా ‘మూగ’ అనడమూ మానాలి. సైగభాషలో గలగలా కబుర్లు చెప్పుకునేవాళ్లను పట్టుకుని మాటలు రానివారంటే ఎలా?

మీ బోర్డు దగ్గరికి వద్దాం. దాని మీద మనుషుల పేరు ఎందుకమ్మా? మెట్ల దగ్గర ‘కాళ్లున్నవారి మార్గం’ అని రాయలేదు కదా. ‘మెట్లు లేని దారి’ అని రాసి బాణం గుర్తు వెయ్యండి. మోకాళ్ల నొప్పుల మామ్మగారు, చంటిబిడ్డ బండితో వచ్చే తల్లి, పుస్తకాల పెట్టె తెచ్చే ఆటో అతను – అందరూ అటే వస్తారు. ర్యాంపు అన్నా తెలుగే అయిపోయింది, వాలుదారి అన్నా బాగుంటుంది. భాషకు సంబంధం లేకపోయినా ఒక మాట: వాలు ఎంత పెట్టారు? అడుగు ఎత్తుకు కనీసం పన్నెండడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల స్కూటర్లు ఎక్కించడానికి కట్టినట్టు నిటారుగా కడుతున్నారు. అలాంటిదాని మీద ఏ బోర్డు పెట్టినా కుర్చీ ఎక్కదు.

సామెతల సంగతి. ‘గుడ్డి దీపం’, ‘గుడ్డిగవ్వ’, ‘మూగబోయిన వీణ’ – వీటిలో మనిషి లేడు, వాటిని వదిలేద్దాం. ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’, ‘గుడ్డెద్దు చేలో పడ్డట్టు’ నిఘంటువులో ఉంటాయి, ఉండాలి కూడా. సభలో వేదిక మీద అనేముందు ఎదురుగా ఎవరున్నారో చూసుకుంటే చాలు. ‘కుంటిసాకు’ బదులు ‘వంకర సాకు’ అన్నారనుకోండి, నడుము వంగినవారు ఏమంటారో అని నన్ను మళ్లీ అడుగుతారు. ‘సాకు’ అంటే సరిపోతుంది, సాకులన్నీ బలహీనమైనవే కదా.