గ్యాస్ మాత్రతో ఆయాసం తగ్గదు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిట్టితల్లీ,

ఆయాసం వచ్చినప్పుడల్లా గ్యాస్ మాత్ర వేసుకుంటున్నావనీ, రోజూ పీల్చాల్సిన ఇన్‌హేలర్ మానేశావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నాకూ ఉబ్బసం మొదలైన కొత్తలో ఒక డిసెంబరు రాత్రి, సోడా తాగితే సర్దుకుంటుందిలే అని కూర్చున్నాను. తెల్లారేసరికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

ఎసిడిటీకీ ఆయాసానికీ సంబంధం ఉందని నువ్వు అనుకోవడం తప్పు కాదు. కానీ ఆ పులుపు కడుపులోదే కానక్కర్లేదు, ఊపిరి గొట్టాల్లోనూ పుడుతుంది. 2000లో అమెరికా పరిశోధకులు కొందరు, వదిలిన ఊపిరిలోని తేమను చల్లబరిచి పట్టి, పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ అంకెను కొలిచారు. ఆరోగ్యవంతుల్లో సగటున 7.65 ఉంటే, ఉబ్బసం ఒక్కసారిగా ముదిరినవాళ్లలో 5.23కి పడిపోయింది. ఈ లెక్కలో ఒక అంకె తగ్గితే పులుపు పదింతలైనట్టు. స్టిరాయిడ్ మందు పడ్డాక మళ్లీ మామూలుకు వచ్చింది. నువ్వు మానేసిన ఇన్‌హేలర్‌లో ఉండేదీ ఆ జాతి మందే, తల్లీ!

గొట్టం వాచిన చోట చేరే కణాలు చక్కెరను వాడుకుని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. లోపలి గోడ కణాలు అమోనియా తయారుచేసి పులుపును విరుస్తాయి గానీ, వాపు పెరిగితే వాటికా శక్తి తగ్గిపోతుంది. అప్పుడు కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు మందగిస్తుంది. నాడుల కొసలు చురుక్కుమని దగ్గు తెగదు. గొట్టం చుట్టూ ఉన్న కండర కణాలకు ఆమ్లాన్ని పసిగట్టే గుణం ఉంది, అవి బిగుసుకుంటాయి. తెల్లవారుజామున నీకొచ్చే పిల్లికూతలు ఆ ఇరుకులోంచి గాలి దూరే చప్పుడు. గ్యాస్ మాత్ర తగ్గించేది కడుపులో ఆమ్లాన్ని. ఈ వాపును అదేమీ చేయలేదు.

గుండెల్లో మంట, పులితేన్పులు నిజంగా ఉంటే డాక్టరుగారికి విడిగా చెప్పు. కడుపులోది ఎగదన్నినా ఆయాసం రేగుతుంది. బీచ్‌లో మురీ మిక్చర్ తినొచ్చి వెంటనే పడుకోకు, తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. అయితే ఆ బాధ పెద్దగా లేని ఉబ్బసం రోగులకు ఆమ్లం తగ్గించే మాత్ర ఇచ్చి చూస్తే ఆయాసంలో మార్పు రాలేదని 2009లోనే తేలింది.

రోజువారీ ఇన్‌హేలర్ రేపటి నుంచే మొదలుపెట్టు. పీల్చాక నోరు పుక్కిలించు. మీ జ్ఞానాపురంలో పోర్టు దుమ్ము ఎక్కువ కదా, చీపురు బదులు తడిగుడ్డ పెట్టించు. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, వెంటనే ఆయాసం వచ్చినప్పుడు వాడే రెండో ఇన్‌హేలర్ పఫ్ తీసుకుంటూ కేజీహెచ్ ఆసుపత్రికి బయల్దేరాలి. అర్ధరాత్రైనా సరే, తెల్లారనీ అనుకోవద్దు.

ఆదివారం వచ్చేటప్పుడు రెండు ఇన్‌హేలర్లూ, వాటికి తగిలించే గొట్టం స్పేసరూ పట్టుకురా. ఎలా పీలుస్తున్నావో నా ముందు చేసి చూపించు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ