మొదటి చిత్రప్రదర్శన పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మల ఫోటోలన్నీ చూశాను. తిరుపతి ప్రదర్శనకు వాటిలో సగం చాలు. ముగ్గు వేసే పడుచు, పడక కుర్చీలో తాతయ్య, బావి గట్టున బిందె, ఈ మూడూ పక్కన పెట్టెయ్యి. బాగా వేశావు, కాదనను. కానీ అది ఎవరి బాల్యమైనా కావచ్చు. క్యాలెండర్లవాళ్లు మనకంటే ముందే వేసేశారు.

గంగజాతర బొమ్మ మాత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే కనబడాలి. తోటి వేషం కోసం మీ నాన్న ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపమండలతో నిలబడితే, ఆ నల్లటి మనిషెవరో తెలియక నువ్వు అమ్మ కొంగు వెనక దాక్కున్నావు. చెవి వెనక బొగ్గు అంటని చోట వేలెడు చర్మం వదిలావు చూడు, నాకు అక్కడే మీ నాన్న కనిపించాడు. జాతర గురించి తిరుపతివాళ్లకు నువ్వు కొత్తగా చెప్పేదేముంది? బొమ్మ కింద వ్యాసం రాయకు. పేరు, సంవత్సరం, ఏ రంగులతో వేశావో రాస్తే సరి.

అమ్మమ్మ చేతుల బొమ్మలో మచ్చలు మరీ ఎర్రగా ఉన్నాయి. తోతాపురి కాయల జీడి అంటిన చోట చర్మం కాలి, తర్వాత నల్లబడుతుంది. నీకంటే ముందు నుంచీ ఆ చేతులు చూసినవాణ్ణి, నా మాట విను. ఆవిడ కలంకారీ దుప్పటికి ట్యూబులోని నలుపు నేరుగా వాడినట్టున్నావు. శ్రీకాళహస్తిలో ఆ నలుపును తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నానబెట్టి తీస్తారు. కాస్త గోధుమ రంగు కలుపు.

చిన్నాన్న తాగి అరుగు మీద పడుకున్న బొమ్మను ముందు పిన్నికి చూపించు. వద్దంటే వాదించకుండా తీసెయ్యి. ఊళ్లో తిరగాల్సింది ఆవిడే.

బొమ్మల మధ్యభాగం నేల నుంచి దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఫ్రేములు చిన్నవైనా పెద్దవైనా ఆ మధ్యగీతే వరస. నీటిరంగుల బొమ్మలు కిటికీ ఎదుట పెడితే వెలిసిపోతాయి. నూనెరంగులు మందంగా వేసినవాటికి ఆరు నెలలైనా ఆగకుండా వార్నిష్ పూయకు. అమ్మదలచుకోని బొమ్మకు భారీ ధర వేసి తప్పించుకోవడం నాకు నచ్చదు, అమ్మకానికి కాదని రాసెయ్యి.

ప్రసంగాలకు ఎవరినీ పిలవకు. సుత్తి, మేకులు, రసమట్టం నేను తెస్తాను. ముందురోజు పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కుతాను, హాలు తాళం తీయించి ఉంచు.

మీ మామయ్య