పెన్షన్ పట్టికలో ఏ అంకె నమ్మాలి?

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. తెనాలిలో టైలరింగ్ షాపు ఉంది. ఏటా లక్ష చొప్పున 15 ఏళ్లు కడితే 60 నుంచి పెన్షన్ వస్తుందని ఏజెంటు గారు ఒక పట్టిక ఇచ్చారు. అందులో 4 శాతం, 8 శాతం అని రెండు వరుసలున్నాయి. ఆయన 8 కింద పెన్నుతో గీత గీశారు. ఏది నమ్మాలి?

జవాబు: ముందు ఆ పెన్ను గీత సంగతి మర్చిపోండమ్మా. 4, 8 అనేవి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం కంపెనీలు వేసి చూపే ఊహా రేట్లు. 4కి తగ్గదనీ లేదు, 8కి మించదనీ లేదు. ఛార్జీలు పక్కన పెడితే మీ డబ్బు 4 శాతంతో దాదాపు 20.8 లక్షలు, 8తో 29.3 లక్షలు అవుతుంది. ఛార్జీలు పోతే రెండూ తగ్గుతాయి.

అసలు మెలిక వేరే ఉంది. ఆ మొత్తంలో కనీసం కొంత భాగంతో 60వ ఏట యాన్యుటీ, అంటే ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం పెన్షన్ తీసుకునే పథకం, కొనాలి. అప్పటి రేటు ఎంతో ఏజెంటుకే కాదు, కంపెనీకీ తెలియదు. పట్టికలోని పెన్షన్ మాత్రం సాధారణంగా ఇవాళ్టి రేటుతో వేసిందే.

ఇక ధరలు. ఏటా 6 శాతం పెరిగితే, 15 ఏళ్ల తర్వాత వచ్చే 15,000 దాదాపు ఇప్పటి 6,260తో సమానం. మీరు 15 ఏళ్ల కిందట జాకెట్టుకు తీసుకున్న కూలి, ఇప్పటి కూలి పక్కపక్కన రాసి చూడండి, నా లెక్క అక్కర్లేదు.

సంతకం పెట్టే ముందు ‘గ్యారంటీ’ అని ఉన్న గడి ఎక్కడుందో ఆయన్నే చూపించమనండి. ఇంటి ఖర్చు ప్లాను ఆ అంకె మీదే వేసుకోండి.