వాచీ చెప్పిందని నడక వేగం పెంచాలా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా నాన్నగారికి 61 ఏళ్లు. రెండు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. వ్యాయామానికి వారానికి మూడుసార్లు కర్నూలు తీసుకెళ్లడం మా వల్ల కాక, బెంగళూరులోని తమ్ముడు ఆయన ఫోనులో ఒక యాప్ వేసి, చేతికి వాచీ పెట్టాడు. నడిచేటప్పుడు నాడి 95 దాటడం లేదు; 111కు చేరాలని, వేగం పెంచమని యాప్ ఒకటే పోరు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: వేగం పెంచనివ్వకండి. 220లోంచి వయసు తీసేస్తే 159. అందులో 70 శాతం 111. యాప్ చెప్పే అంకె ఈ లెక్కలోంచే వచ్చినట్టుంది. ఆరోగ్యవంతులకే ఉజ్జాయింపుగా పనికొచ్చే లెక్క ఇది. గుండెపోటు తర్వాత చాలామందికి మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్ర రాస్తారు. నాడి వేగాన్ని అదుపు చేయడమే దాని పని కనుక, చాలినంత శ్రమ పడుతున్నా నాడి 95 దగ్గరే నిలిచిపోవచ్చు. మందుల చీటీ ఒకసారి చూడండి. నాడి పెరగడం లేదని ఆ మాత్ర మానేయడం మరింత ప్రమాదం. నాడి ఎంతవరకు వెళ్లవచ్చో మీ డాక్టరే, మందులు వాడుతుండగా పరీక్షించి చెప్పాలి. అందాకా ఒక గుర్తు: దారిలో ఎవరైనా "యాడికి పోతాండావు?" అంటే ఆగకుండా జవాబు చెప్పగలగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు.

అలాగని యాప్‌ను తీసివేయనక్కరలేదు. 2014లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, గుండెపోటు వచ్చిన 120 మందిలో కొందరికి ఫోను ద్వారా ఇంట్లోనే, మిగిలినవారికి వైద్య కేంద్రంలో పునరావాసం (గుండె కోలుకోవడానికి చేయించే వ్యాయామం, ఇచ్చే సలహాలు) ఏర్పాటు చేస్తే, ఇంట్లో 80 శాతం, కేంద్రంలో 47 శాతం మంది చివరిదాకా కొనసాగారు. అయితే అక్కడ ఫోను వెనుక ఒక మనిషి ఉండి, వారం వారం మాట్లాడేవాడు. మీ తమ్ముడు ప్రతి ఆదివారం ఆ వారం నడకనూ బీపీనీ చూసి నాన్నగారితో మాట్లాడితే, నెలకోసారి వాటిని డాక్టరుకు పంపితే, యాప్ పెట్టినందుకు ఫలితం ఉంటుంది. మాత్రల వేళకు గంట మోగడం కూడా మేలే. స్టెంటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే రెండో మాత్రను డాక్టరు చెప్పకుండా ఒక్కరోజైనా మానరాదు. ఇక తిండి లెక్కలంటారా, సంగటిలోకి నంజుకొనే చెనక్కాయల పచ్చడిలో ఉప్పెంతో యాప్ పట్టుకోగలదని నాకు నమ్మకం లేదు.

నడకలో ఛాతీ పట్టేసినా, చల్లని చెమటలు పోసినా, కళ్లు తిరిగినా వెంటనే కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. వాచీలో నాడి మామూలుగా ఉందని ఆగవద్దు. గుండెపోటును అది కనిపెట్టలేదు.