తోట మీద లోన్ తీసుకునే ముందు ఆఫర్ లెటర్ ఇంకోసారి చదవండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె సార్. నాలుగెకరాల మామిడి తోట ఉంది. పెద్దపాప తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది. ఫీజు ఏడాదికి 28,000 డాలర్లు, 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చారు. వారంలోపల డిపాజిట్ కట్టకపోతే స్కాలర్‌షిప్ పోతుందని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. తోట మీద లోన్ తీసుకోమంటారా? చిన్నపాప బీఏ ఆఖరి ఏడాదిలో ఉంది, దాన్నీ చదివించాలి. మేము బీసీలం.

జవాబు: ఈ ఆఫర్ కోసమైతే తీసుకోవద్దండి. పాప అమెరికా వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్ల, ఇంట్లో డబ్బు పోసి మళ్లీ ఎం.ఎస్. చదవాల్సిన అవసరం చాలా తక్కువ.

లెటర్‌లో ఆ 5,000 పక్కన ఏం రాశారో చూడండి. మొదటి ఏడాదికి మాత్రమే అని ఉంటే, రెండేళ్ల ఫీజు 56,000లో ఇంకా 51,000 డాలర్లు మీరే కట్టాలి. మన డబ్బుల్లో 40 లక్షలు దాటుతుంది. ఇంటద్దె, తిండి, ఇన్సూరెన్స్ దానిమీద అదనం.

అదే దేశంలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ సంగతి వేరు. మంచి యూనివర్సిటీల్లో సాధారణంగా ఫీజు మాఫీ చేసి, డిగ్రీ పిల్లల ల్యాబ్ క్లాసులు చూసుకున్నందుకో, ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేసినందుకో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎమ్మెస్సీ అయినవాళ్లు నేరుగా అప్లై చేయొచ్చు. గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో ఉంటాయి. రికమెండేషన్ లెటర్ల కోసం ప్రొఫెసర్లను ఆఖరి వారంలో అడగకూడదు. ప్రాజెక్టు పని వాళ్ల కళ్లముందు ఉన్నప్పుడే, అంటే ఇప్పుడే మాట వేసి ఉంచమనండి.

వారం గడువు గురించి టెన్షన్ పడకండి. స్కాలర్‌షిప్, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనిచేసినందుకు ఇచ్చే సాయం) ఇస్తామన్నప్పుడు విద్యార్థికి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే టైమివ్వాలని అమెరికాలో చాలా యూనివర్సిటీలు కలిసి ఒప్పుకున్నాయి. వీళ్లు ఆ జాబితాలో ఉన్నారా, రెండో ఏడాది సాయం ఉందా, డిపాజిట్ వాపసు ఇస్తారా అని పాప తనే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టాలి. కన్సల్టెన్సీ ద్వారా అడిగించొద్దు. చేర్పించిన ఒక్కో విద్యార్థికి ఇంత అని కమిషన్ తీసుకునే కన్సల్టెన్సీలు ఉన్నాయి. తొందర వాళ్లకుంటుంది, అప్పు మీకుంటుంది.

ఇక్కడి దారి కూడా చిన్నది కాదు. కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పేరుతో జరిగే నెట్ పరీక్షలో కెమికల్ సైన్సెస్ పేపరు రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. ఇంటద్దె భత్యం వేరే. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. వయసు పరిమితి 30, ఆడపిల్లలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి పెట్టే గేట్ పరీక్షలో కెమిస్ట్రీ పేపరు కూడా రాయించండి, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పీహెచ్‌డీకి దూరం పోనక్కర్లేదు, ఐఐటీ తిరుపతి, కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ రెండూ మన ఏర్పేడులోనే ఉన్నాయి. పాపకు యూనివర్సిటీ మొదటి ర్యాంకు వస్తే పీహెచ్‌డీ చేసేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కీ దరఖాస్తు పెట్టాలి.

చిన్నపాప ఎంఏలో చేరితే యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ చూడండి. నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు, రెండేళ్లపాటు ఇస్తారు. డిగ్రీ మార్కులను బట్టి ఎంపిక. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పీజీ మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి, రెండో ఏడాది గుర్తొస్తే లాభం లేదు.

ఇద్దరి కాగితాలూ ఈ వారమే బయటికి తీయండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. ఆధార్ మార్పించి, దాన్ని బ్యాంకు ఖాతాతో కలపండి. మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ నెట్‌కీ గేట్‌కీ సరిపోదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉంటే, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో సంపన్న శ్రేణి కిందికి రారని చెప్పే కాగితం) కావాలని తహసీల్దార్ ఆఫీసులో విడిగా అడిగి తీసుకోండి.