పిల్లలకి మంచు చూపించడానికి ఎఫ్‌డీ తీసేయాలా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. "మా ఆయన పేపర్ మిల్లులో పని చేస్తారు. చేతికి 46,000 వస్తుంది, దసరా ముందు 18,000 బోనస్. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను, నెలకి 8,000. ఇంటి ఖర్చు 44,000 దాకా అవుతుంది. పిల్లలు ఏడో తరగతి, నాలుగో తరగతి. 66 ఏళ్ల అత్తగారు మాతోనే ఉంటారు. నాలుగేళ్లుగా క్రిస్మస్ సెలవులకి ఒడిశాలోనే ఉన్న కొండ ఊరు దారింగిబాడి వెళ్తున్నాం, ఏటా 16,000 దాకా అవుతుంది. ఈసారి పిల్లలు అసలు మంచు చూడాలంటున్నారు. డిసెంబర్ 24న ఢిల్లీలో బయల్దేరి మనాలి వెళ్లొచ్చే ప్యాకేజీ ఐదుగురికి 1,20,000 అట. నెలకి 10,000 చొప్పున ఏడాది కడితే చాలు, వడ్డీ లేదంటున్నాడు ఏజెంటు. ఢిల్లీ దాకా రైలు ఖర్చు మాదే. 1,50,000 ఎఫ్‌డీ ఉంది. అత్తగారి బంగారం ఉంది. దేన్ని కదపమంటారు?"

అమ్మా, దేన్నీ కదపొద్దు. అలాగని ప్రయాణం మానుకోమని కూడా అనను. దారింగిబాడిలో తెల్లవారుజామున గడ్డి మీదా, బండి సీటు మీదా తెల్లగా పేరుకున్న పొరని వేలితో గీకి, ఎండ రాకముందే అందరికీ చూపించే పిల్లల్ని నేనూ చూశాను. మన భాషలో పొగమంచూ మంచే, గడ్డి మీద బిందువూ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతు పడేదీ మంచే. ఆ మూడోదాన్ని కూడా తాకి చూడాలని పిల్లలు అడగడంలో తప్పేముంది?

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి. నెలకి 44,000 ఖర్చున్న ఇంట్లో అది మూడు నెలల తిండి, ఫీజులు, మందులు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ప్రధానంగా ఒక్కరి జీతం మీద నడుస్తున్న సంసారం. ఆ డబ్బుని లేనట్టే అనుకోండి. బంగారం కూడా అంతే. తాకట్టు పెట్టి టూర్ వెళ్లొస్తే, తిరిగొచ్చాక వడ్డీ కట్టిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం చేదెక్కుతుంది.

ఇక ఏజెంటు చెప్పిన వడ్డీ లేని ఈఎంఐ. అతన్ని ఒక్క మాట అడగండి: "మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?" 1,20,000 కంటే ఎంత తగ్గిస్తే అంతా వడ్డీయే, పేరు మార్చారంతే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉన్నాయేమో కూడా కనుక్కోండి. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం వడ్డీ కాదు. మీకు నెలకి మిగిలేది సరిగ్గా 10,000. అదంతా ఏడాది పాటు కంతుకే పోతుంది. పైగా టూర్ నుంచి దిగిన రెండు వారాలకే సంక్రాంతి. కొత్త బట్టలు, పిండివంటలు, వచ్చేపోయే చుట్టాలు, మొదటి కంతులు అన్నీ ఒకే నెలలో మీద పడతాయి.

అందుకే తేదీ మార్చండి. ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్లండి. డబ్బు కలిసొస్తుందని మాత్రమే కాదు, మంచు కోసం కూడా ఇదే సరైన సమయం. క్రిస్మస్ నాటికి మనాలి ఊళ్లో మంచు పడుతుందన్న హామీ ఏమీ లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే అవకాశం ఎక్కువ. మరి గదుల రేట్లు చుక్కలనంటేదేమో క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా! అంటే మంచు సరిగ్గా పడని రోజులకి ఎక్కువ డబ్బు కడుతున్నామన్నమాట. పిల్లలకి వారం రోజులు బడి పోతుంది నిజమే. పబ్లిక్ పరీక్షల తరగతులు కావు కాబట్టి టీచర్లతో ముందే మాట్లాడండి. సరస్వతీ పూజ ఎప్పుడొచ్చిందో కూడా చూసుకోండి, ఆ రోజు బడిలో ఉండాలని పిల్లలకి ఉంటుంది.

ఖర్చు నేను ఇలా వేశాను. రాయగడలో ఆగే సమతా ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌కి వెళ్తుంది. థర్డ్ ఏసీలో ఐదుగురికి రానూపోనూ 22,000 పక్కన పెట్టండి. పెద్దవాళ్లకి రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, అత్తగారికి కూడా పూర్తి టికెట్టే. ఢిల్లీ నుంచి మనాలికి రాత్రి బస్సు, రెండు వైపులా కలిపి 15,000. ఢిల్లీలో ఒక రాత్రి, మనాలిలో మూడు రాత్రులు రెండేసి గదులు, హీటర్ ఛార్జీతో సహా 18,000. టాక్సీకి 12,000, తిండికి 15,000, చలిబట్టల అద్దెకి 5,000, చేతిలో 11,000. మొత్తం 98,000.

ఢిల్లీలో ఆ ఒక రాత్రి వృథా అనుకోకండి. చలికాలం పొగమంచుకి ఉత్తరాది రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. దిగిన సాయంత్రమే బస్సు బుక్ చేస్తే, రైలు లేటైన రోజున ఐదు టికెట్ల డబ్బు పోతుంది.

చలిబట్టలు ఇక్కడ కొనకండి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు మా అబ్బాయికి కొత్త స్పోర్ట్స్ షూస్ కొన్నాం. మంచులో అరగంటకే లోపలి సాక్సులు పిండితే నీళ్లు కారాయి. మిగతా రోజంతా వాడు టాక్సీలోనే కూర్చున్నాడు. మనాలి దగ్గర మంచు ఆటలాడే సోలాంగ్ లోయ దారి పొడవునా గమ్ బూట్లు, మంచు సూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాపు ఉంటే చాలు. మంకీ క్యాపులు దారింగిబాడి ప్రయాణాల పుణ్యమా అని మీ ఇంట్లో ఉండే ఉంటాయి.

అత్తగారిని తీసుకెళ్లే ముందు డాక్టరుకి చూపించండి. మనాలి రెండు వేల మీటర్ల ఎత్తు, దాన్ని దాటి అటల్ టన్నెల్ దగ్గరికి వెళ్తే మూడు వేలు. 9 కిలోమీటర్ల పొడవున్న ఆ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక అవతలి లాహౌల్ లోయ వైపు మంచు దగ్గరైంది. ఆయాసం, గుండె ఇబ్బంది ఉంటే ఆవిడ మనాలి గదిలో హీటర్ పక్కన ఉండటమే మంచిది. లాహౌల్ ఊళ్లకి చలికాలం వాళ్ల దేవతల పండుగల కాలం కూడా. ఆ రోజుల్లో సిస్సు లాంటి చోట బయటివాళ్లని రానివ్వరు. టాక్సీ మాట్లాడేటప్పుడే అడగండి.

ఇప్పుడు డబ్బు ఎలా కూడబెట్టాలో చూద్దాం. జూన్ నుంచి జనవరి దాకా బ్యాంకులో నెలనెలా దాచుకునే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) నెలకి 8,000 కట్టండి, అంటే 64,000. కొన్ని బ్యాంకులు ఏడాదికి తక్కువ ఆర్‌డీ ఇవ్వవు. మీ బ్రాంచిలో ఎనిమిది నెలలకి కుదరకపోతే ఏటీఎం కార్డు లేని ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి అందులో వేయండి. వడ్డీ వెయ్యి రూపాయలు అటూ ఇటూ అంతే. అసలు విషయం ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలవకపోవడం. దారింగిబాడికి ఏటా 16,000 దాకా అవుతుందని మీరే రాశారు. ఈ ఏడాదికి అది ఇటు మళ్లించండి. దసరా ముందు వచ్చే బోనస్ 18,000 అన్నారు, అది కూడా. లెక్క సరిపోయింది. బోనస్ తగ్గితే సోలాంగ్‌లో ఆటల ఖర్చు తగ్గించుకోండి గానీ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి.

మీ ఆయన కొత్త పన్ను విధానంలో ఉంటే 12 లక్షల లోపు ఆదాయానికి పన్నే పడదు. ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం టికెట్లు దాచుకునే శ్రమ మీకు అక్కర్లేదు.

డిసెంబరులో దారింగిబాడి వెళ్లలేదని పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమో. ఒక ఆదివారం మీ ఊరి మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, హాతీపత్థర్ దగ్గర నాగావళి ఒడ్డున వనభోజనం పెట్టుకోండి. సంక్రాంతి అరిసెలు ఒక స్టీలు డబ్బాలో మనాలికి పట్టుకెళ్లండి. అక్కడి చలికి నెయ్యి గడ్డకట్టి అరిసె చెక్కలా తయారవుతుంది. మేం డబ్బా మూత తీసి కాసేపు హీటర్ ముందు పెట్టేవాళ్లం, గదంతా బెల్లం వాసన వచ్చేది.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఫిబ్రవరి 1న బయల్దేరాలంటే డిసెంబర్ 3 ఉదయం 8 గంటలకి ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉండండి. అప్పటికి ఆర్‌డీ చేతికి రాదు కాబట్టి బోనస్ డబ్బుని ఆ టికెట్ల కోసం విడిగా ఉంచండి.