బ్రాడ్‌హెడ్ కుడికి పోతుంటే ముందు సైట్‌ని (విల్లు మీద గురి చూసే పరికరాన్ని) కదపకండి

టెక్సాస్‌లో జింకల ఆర్చరీ సీజన్ దగ్గర పడుతోంది, ఫీల్డ్ పాయింట్లు (సాధనకు వాడే నున్నటి మొనలు) సరిగ్గా తగులుతున్నాయి, బ్రాడ్‌హెడ్లు (వేటకు వాడే బ్లేడ్ల మొనలు) మాత్రం 30 గజాల్లో నాలుగు అంగుళాలు కుడికి పోతున్నాయని మీరు రాశారు. టెన్షన్ పడకండి అన్నా, సరిచేసుకోవడానికి ఇంకా టైముంది.

బ్రాడ్‌హెడ్‌కి ఉండే ఫిక్స్‌డ్ బ్లేడ్లు, అంటే ముడుచుకోకుండా స్థిరంగా ఉండేవి, బాణం ముందు భాగంలో రెక్కల్లా గాలిని పట్టుకుంటాయి. ఫీల్డ్ పాయింట్ కప్పిపుచ్చే చిన్న ట్యూనింగ్ తేడాను (విల్లు, బాణం అమరికలో లోపాన్ని) అవి బయటపెడతాయి. అందుకే ఇప్పుడే సైట్ జరిపితే అసలు సమస్య అలాగే ఉండిపోతుంది.

ముందు రెండు మొనలూ ఒకే బరువా, అంటే రెండూ 100 గ్రెయిన్లేనా (గ్రెయిన్ అంటే మొనల బరువు కొలిచే చిన్న కొలత) చూడండి. బాణాన్ని తిప్పి చూడండి, మొన వణికితే ఆ బాణం పక్కన పెట్టేయండి. అన్నీ బాగుంటే యారో రెస్ట్‌ను (విల్లు మీద బాణం ఆనే భాగాన్ని) ఎడమకి చాలా కొద్దిగా, అంగుళంలో 32వ వంతు జరపండి. రెండు రకాల మొనలతోనూ బాణాలు మళ్లీ వేయండి. రెండు రకాలూ ఒకేచోట తగిలేదాకా ఇలాగే చేయండి. సైట్ పని ఆ తర్వాతే. ఎంత జరిపినా కలవకపోతే బాణం గట్టిదనం మీ విల్లుకు సరిపోవట్లేదేమో, షాపులో చూపించండి. విల్లు పట్టే చేతిని బిగించినా బాణం పక్కకి పోతుంది, అదీ గమనించుకోండి.

సాధన చేసిన బ్లేడ్లతో వేటకి వెళ్లకండి, కొత్తవి పెట్టండి. మొద్దు బ్లేడు వల్ల జంతువు గాయంతో తప్పించుకుని బాధపడుతుంది, అది నాకు అస్సలు నచ్చదు.

ట్రీ స్టాండ్ (చెట్టుకు కట్టిన వేట మంచె) ఎక్కేవాళ్లయితే నేల వదిలిన క్షణం నుంచీ హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీలు) కట్టుకునే ఉండండి. వేట లైసెన్స్‌తో పాటు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లుతో వేటాడటానికి అదనపు అనుమతి) కూడా తీసుకోండి. ఈసారి సీజన్ కోసం నాకూ మీ అంత ఆత్రంగానే ఉంది!